లక్క వేసిన కవరు

జూన్ 3

అన్నయ్యకు,

ఫోను చేస్తే మధ్యలో పెట్టేస్తావు. అందుకని ఉత్తరం. కాగితం చేతికొస్తే చివరి చుక్క దాకా చదవకుండా ఉండలేని జబ్బు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. పొట్లం కట్టిన కాగితాన్ని కూడా విప్పి, చదునుచేసి చదివేవాడివి. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

నా కేసు మీ కోర్టుకు వచ్చింది. దాని పైన ఇంకో కోర్టు లేదట కదా. నిన్ననే మా వకీలు దాఖలు చేశాడు. గడువు తొంభై రోజులు, మాది ఎనభై ఎనిమిదో రోజు.

నీకు సగమే తెలుసు, మిగతా సగం విను. ఆసుపత్రి బట్టలు ఉతికే విభాగంలో ఇరవై రెండేళ్లు చేశాను, చివరి ఆరేళ్లు షిఫ్టుకు పెద్దగా. బాయిలరు వాల్వు బిగుసుకుపోయిందని బాయిలరు పుస్తకంలో మూడుసార్లు రాశాను, తేదీలు వేసి మరీ. మూడుసార్లూ ఇంజనీరు కింద సంతకం పెట్టాడు. వాల్వును మాత్రం ముట్టుకోలేదు. నాలుగో వారం ఆవిరి తన్నుకొచ్చి ఇస్త్రీ అక్క చేతులు రెండూ మోచేతుల దాకా కాలిపోయాయి. నిర్లక్ష్యం నాదేనని నన్ను తీసేశారు. కింది కోర్టు తిరిగి చేర్చుకోమంది. దాని పై కోర్టు, "రాసి ఊరుకుంటే సరిపోదు, మిషను ఆపాల్సింది" అంది. ఆపే మీట తాళం వేసిన గదిలో ఉంటుందనీ, ఆ తాళంచెవి ఇంజనీరు జేబులో ఉంటుందనీ ఎవరికి చెప్పుకోను?

ఆ తీర్పు వచ్చిన రోజు నుంచి ఇస్త్రీ అక్క నాతో మాట్లాడటం మానేసింది. పద్దెనిమిదేళ్లు ఒకే బల్లకు అటూ ఇటూ నిలబడి దుప్పట్లు మడతపెట్టినవాళ్లం. "కోర్టే అంది కదా" అందట. ఉద్యోగం సంగతి అలా ఉంచు. నాకు ఆ మాట పోవాలి.

ఫైళ్లు ముందు నీ బల్ల మీదికే వస్తాయి కదా. నాకు ఏ సాయమూ వద్దు. కాగితం కిందపడి పోకుండా చూడు, చాలు.

వదినను అడిగానని చెప్పు.

చెల్లెలు


జూన్ 10

చెల్లెమ్మకు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అందకుండా ఉంటే బాగుండేదని చెప్పక తప్పదు.

న్యాయస్థానాల్లో నేను పదిహేడు సంవత్సరాలుగా పనిచేస్తున్నాను. మన ఊరి కోర్టులో పగలు ఫైళ్లు మోసి, సాయంత్రాలు రాత్రి కళాశాలలో చదివి, ముప్పై తొమ్మిదో ఏట పట్టా పుచ్చుకుని ఇక్కడి పరిశీలన విభాగంలో ఈ బల్ల దగ్గరికి చేరాను. దాఖలైన ప్రతి దరఖాస్తులోనూ లోపాలున్నాయేమో చూసి, ఉంటే పట్టిక రాసి, సరిచేయమని నోటీసు పంపించడం నా పని. ఈ తొమ్మిదేళ్లలో ఒక్క ఫైలు మీద కూడా బయటివారి చెయ్యి పడనివ్వలేదు. అటువంటి వానికి కేసు విషయమై ఉత్తరం రాయడం ఎంత అనుచితమో నీకు తెలియదనుకుని ఈసారికి ఊరుకుంటున్నాను.

నాలుగో తేదీ ఉదయం నీ పిటిషను నా బల్ల మీదికే వచ్చింది. మొదటి పేజీలో నీ పేరు చూడగానే మూసేశాను. రెండో పేజీ చదవలేదు. ఇద్దరు సహోద్యోగుల ఎదుట దానిని కవరులో ఉంచి, నాలుగు మూలలా లక్క వేసి, ముద్ర వేశాను. "దరఖాస్తుదారు పరిశీలకునికి బంధువు. వేరొకరికి అప్పగించ ప్రార్థన" అని కవరు మీద రాసి, సూపరింటెండెంటు గారి ట్రేలో స్వయంగా పెట్టాను. కాగితం మారిందని గానీ, పేజీ చేరిందని గానీ రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదు. ఇకమీదట ఆ ఫైలు ఎక్కడుందని విచారించడం కూడా నాకు తగదు. నేను విచారించను. నువ్వూ నన్ను అడగవద్దు.

ఇంకొక్క మాట. పై కోర్టు చెప్పినదానిలో నాకు దోషం కనిపించలేదు. పుస్తకంలో రాయడంతో మనిషి బాధ్యత తీరిపోదు. రాసినది చేరవలసిన చోటికి చేరిందా లేదా అని చూసుకోవడం కూడా బాధ్యతలో భాగమే. నీకు కఠినంగా తోచవచ్చు. సత్యం మెత్తగా ఉండాలని ఎక్కడా నియమం లేదు.

మీ వదిన క్షేమం.

అన్న


జూన్ 19

పరిశీలకులు గారి సముఖానికి,

బంధువు రాయునది. నేను మీకు బంధువునని మీరే కవరు మీద రాశారు కదా, ఇక వేరే వరస ఎందుకు?

బజారులో ఎదురైతే "ఎప్పుడొచ్చారు" అని అడిగి, జవాబు వినకుండా వెళ్లిపోయేవాళ్లను బంధువులంటారు అన్నయ్యా. నీ రాత్రి కాలేజీ రోజుల్లో నీకు ఉన్నది ఒక్కటే తెల్లచొక్కా. డ్యూటీ దిగి వచ్చి దాన్ని ఉతికి, గంజి పెట్టి, కాలరు కత్తిలా నిలబడేట్టు ఇస్త్రీ చేసి ఇచ్చింది బంధువు కాదు.

నిన్ను నేనేం అడిగాను? ఫైలును ముందుకు తొయ్యమన్నానా? కాగితం కిందపడకుండా చూడమన్నాను. దానికి నాలుగు మూలలా లక్క వేశావు. నా కాగితాలకేమైనా అంటురోగం ఉందా? అసలు సంగతి నాకు తెలుసు. చెల్లెలు ఆసుపత్రి మైలబట్టలు ఉతికేదని ఆ ఇద్దరు సహోద్యోగులకు తెలియకూడదు. అంతే.

తాళంచెవి ఎవరి జేబులో ఉందో రాశాను. ఆ వాక్యం నీ కళ్లకు ఆనలేదు. నువ్వు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

ఇట్లు,
తమరి బంధువు


జూన్ 27

చెల్లెమ్మకు,

నీ ఉత్తరంలో వ్యంగ్యం తప్ప విషయం లేదు. చొక్కాకు గంజి పెట్టినందుకు కృతజ్ఞుణ్ణి. ఆ గంజికి బదులుగా న్యాయస్థానాన్ని తీసి ఇవ్వలేను.

సిగ్గుపడుతున్నానని నిందించావు. నాకు పట్టా వచ్చిన రోజున, ఇంటి నిండా జనం ఉండగా, "అన్నయ్యకు పట్టా వచ్చింది, ఇక గుమ్మం దగ్గర తల జాగ్రత్త, తగులుతుంది" అన్నది ఎవరు? అందరూ నవ్వారు. మీ వదిన కూడా నవ్వింది. నేను ఆ మాట మరచిపోలేదు, మరచిపోయినట్టు నటించనూ లేదు.

కేసు ముగిసేవరకు ఉత్తరాలు వద్దు.

అన్న


సెప్టెంబరు 14

అన్నయ్యా,

కేసు ముగిసింది. ఇక రాయొచ్చుగా?

పదకొండో తేదీన మీ కోర్టుకు వచ్చాను. మీ ఇంటికి రాలేదు. స్టేషనులోనే మొహం కడుక్కుని, వచ్చిన దారినే పోయాను.

మాది నలభై ఒకటో నంబరు. వెనక బెంచీ మీద పొద్దుటి నుంచీ కూర్చున్నాను. ముందు బిస్కెట్ల కేసు. రెండు కంపెనీలు, రెండు డబ్బాలు. నీలం రంగు మాదంటే మాదని కొట్టుకుంటున్నాయి. డబ్బాలు రెండూ జడ్జిగారి బల్ల మీద పెట్టారు. ఒక పెద్ద వకీలు ఇది ఆకాశపు నీలం అంటాడు, ఇంకో పెద్ద వకీలు కాదు, సముద్రపు నీలం అంటాడు. ఈ వాదన మొదలై అది పదకొండో రోజట! జడ్జిగారు కళ్లజోడు తీసి చూశారు, పెట్టుకుని చూశారు, కిటికీ దగ్గరికి పంపించి వెలుతురులో చూపించమన్నారు. ఆసుపత్రి దుప్పట్లకు ఇరవై రెండేళ్లు నీలిమందు పెట్టినదాన్ని. నన్ను అడిగితే రెండు నిమిషాల్లో చెప్పేదాన్ని.

తర్వాత గబగబా నంబర్లు పోయాయి. మాది వచ్చింది. నేను లేచి నిలబడేసరికే సగం అయిపోయింది.

"సరిచేసి తిరిగి దాఖలు చేయడంలో ఆలస్యం ఎందుకైంది?"

"లోపాల నోటీసే మాకు ఆలస్యంగా అందిందండీ."

"ఎందుకు ఆలస్యమైంది? ఆధారం ఉందా?"

మా వకీలు కాగితాలు తిరగేయడం మొదలుపెట్టాడు.

"జాప్యానికి తగిన కారణం లేదు. తిరస్కరించడమైనది. తర్వాతిది."

నిమిషంన్నర. వాల్వు మాట లేదు, పుస్తకం మాట లేదు, ఇస్త్రీ అక్క చేతుల మాట లేదు. చిన్నప్పుడు నాన్న కొట్టినా ఎందుకు కొడుతున్నాడో చెప్పి కొట్టేవాడు.

పధ్నాలుగో పేజీలో బాయిలరు పుస్తకం నకలు మసకగా ఉందట, అదీ లోపం. దాఖలైన రోజు నుంచి ఇరవై ఎనిమిది రోజుల్లో సరిచేయాలి, అంటే జూన్ ముప్పై. ఆ నోటీసు మీ విభాగం నుంచి బయల్దేరింది జూలై ఇరవై ఆరున. గడువు పోయిన ఇరవై ఆరు రోజులకు "గడువులోగా సరిచేయగలరు" అని సంతకం పెట్టి పంపారు. ఏ మహానుభావుడో. మీ గదిలో అందరూ పట్టాలున్నవాళ్లేనా?

చెల్లెలు


సెప్టెంబరు 21

చెల్లెమ్మకు,

ఫలితం విచారకరమే. కానీ దానికి కారణాన్ని సరైన చోట వెతకాలి.

ఈ న్యాయస్థానానికి ఏటా గదులు నిండేన్ని దరఖాస్తులు వస్తాయి. వాటిలో వినదగినవి ఏవో ఎంచుకోవడమే ఇక్కడ మొదటి న్యాయం. తిరస్కరించడమంటే నీది తప్పని చెప్పడం కాదు, వినలేమని చెప్పడం మాత్రమే. బిస్కెట్ల కేసును నువ్వు వెటకారం చేశావు. ఒక రంగు ఒకరి సొత్తు కాగలదా అన్న ప్రశ్న చిన్నది కాదు, డబ్బా చిన్నదైనంత మాత్రాన.

దోషం మీ వకీలుది. దాఖలు చేసినవాడు వారానికొకసారైనా కౌంటరు దగ్గరికి వచ్చి అడగాలి. ఆయన నిద్రపోయాడు. మా విభాగంలో ఫైలు ఆగే ప్రశ్న లేదు. నాకు తెలుసు.

ఒక వార్త కత్తిరించి జతచేస్తున్నాను. మొన్న పద్దెనిమిదిన వచ్చిన తీర్పు. ఒక వ్యాపార భవనంలో లిఫ్టు నడిపే మనిషి, తీగ అరిగిందని మూడుసార్లు రాసి ఇచ్చాడు. యజమాని పట్టించుకోలేదు. లిఫ్టు జారితే అతణ్ణే తొలగించారు. మా న్యాయస్థానం అతణ్ణి తిరిగి ఉద్యోగంలో నిలిపింది. "యంత్రాన్ని ఆపే అధికారం లేనివాడు, లోపాన్ని రాసి తెలిపాక, నిర్లక్ష్యం చేసినవాడు కాడు" అన్నది అందులోని ముఖ్యవాక్యం. నెమ్మదిగా చదువు. ఈ సంస్థ మీద నీకున్న దురభిప్రాయం తొలగుతుంది.

అన్న


సెప్టెంబరు 27

అన్నయ్యా,

పుండు మీద కారం చల్లేవాళ్లను చూశాను. కారాన్ని కత్తిరించి, జిగురు పెట్టి అంటించి, రిజిస్టరు పోస్టులో పంపినవాణ్ణి నిన్నే చూశాను.

అతనిది లిఫ్టు, నాది బాయిలరు. అతను మూడుసార్లు రాశాడు, నేనూ మూడుసార్లు రాశాను. అతని చేతిలో మీట లేదు, నా చేతిలోనూ లేదు. అదే మాట, అదే కోర్టు, మధ్యలో ఏడు రోజులు. అతణ్ణి విన్నారు. నా నంబరు పిలిచి తర్వాతిది అన్నారు. నువ్వేమో ఈ తీర్పు చూసి ఛాతీ విరుచుకుంటున్నావు. నీ చెల్లెలికి ఏ మాట కావాలో అదే మాట అందులో ఉందని చదువుతుంటే నీకు తట్టనే లేదా?

మా వకీలు నిద్రపోలేదు. వారం వారం కౌంటరు దగ్గర నిలబడ్డాడు. "పరిశీలనలో ఉంది" అనే చెప్పారట ప్రతిసారీ. మొన్న వెళ్లి రిజిస్టరు నకలు తీయించాడు. జూన్ నాలుగున నా ఫైలు నీ బల్ల మీదికి వచ్చినట్టు ఉంది. జూలై ఇరవై ఆరున ఇంకో పరిశీలకుడి బల్ల మీద తేలింది. మధ్యలో యాభై రెండు రోజులు. ఆ యాభై రెండు రోజుల గడి ఖాళీ.

కావాలనే తొక్కిపెట్టావా? గుమ్మానికి తల తగులుతుందన్న ఒక్క మాటకు ఇదా బదులు? మొహం మీద కొట్టినా బాధపడేదాన్ని కాదు.

లిఫ్టు తీర్పు చూపించి పునఃసమీక్ష అడగొచ్చట. అక్టోబరు పదకొండు దాకా గడువు. కానీ ఆలస్యం ఎందుకైందో ప్రమాణం చేసి చెప్పే మనిషి కావాలి. లేకపోతే ఇంకో నిమిషంన్నర, అంతే.

ఎక్కడుంది అన్నయ్యా నా ఫైలు, ఆ యాభై రెండు రోజులూ?


అక్టోబరు 3

చెల్లెమ్మకు,

నీ నింద అబద్ధమని నిరూపించడానికి ముప్పైయ్యో తేదీ ఉదయం విభాగంలోని రిజిస్టర్లన్నీ తీయించాను. ఆ ఉద్దేశంతోనే తీయించానని ముందుగా చెప్పడం ధర్మం.

మా గదిలో ఒక ఇనుప బీరువా ఉంది. ప్రభుత్వం రహస్యంగా సమర్పించే పత్రాలు లక్క వేసిన కవర్లలో వస్తాయి. వాటిని ఎవరూ తెరవకూడదు. న్యాయమూర్తి అడిగేవరకు ఆ బీరువాలో ఉండాలి. మా విభాగంలో లక్క వేసిన కవరు అంటే అదొక్కటే అర్థం. బీరువా రిజిస్టరులో జూన్ ఐదో తేదీన ఒక కవరు లోపలికి వెళ్లింది. జూలై ఇరవై ఆరున, వేరొక కవరు కోసం వెతుకుతుండగా, పొరపాటున వచ్చిందని గుర్తించి బయటికి తీశారు.

సూపరింటెండెంటు గారిని నిలదీశాను. సంభాషణ ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"కవరు మీద నేను స్పష్టంగా రాశాను కదా సార్, వేరొకరికి అప్పగించమని?"

"లక్క చూశాక రాత ఎవడు చదువుతాడయ్యా! ట్రేలో లక్క కనిపిస్తే నేరుగా బీరువాలోకి. కళ్లతో చూడటం కూడా అనవసరం. ఈ పద్ధతి నేను ఇక్కడికి కొత్తగా వచ్చినప్పుడు నాకు నేర్పిందెవరు?"

నేర్పింది నేనే.

మామూలు ఫైలుగా ఒక చీటీ పెట్టి ట్రేలో ఉంచితే మరుసటి రోజే వేరొకరి బల్ల మీద ఉండేది. నా నిజాయితీకి సాక్ష్యం కావాలనుకుని లక్క వేశాను. ఆ బీరువా నా కుర్చీకి ఆరడుగుల దూరంలో ఉంది. యాభై రెండు రోజులూ దాని పక్కనుంచే భోజనానికి వెళ్లివచ్చాను. మీ వకీలు కౌంటరు దగ్గర అడుగుతున్న గొంతు కూడా రెండుసార్లు వినిపించింది. వినిపించినప్పుడు, నాకు సంబంధం లేదని తల వంచుకుని ఇంకో ఫైలు తీశాను.

ప్రమాణం చేసి, నోటరీ ముద్ర వేయించి, అఫిడవిట్టు జతచేశాను. జాప్యం పూర్తిగా నా చర్య వల్ల జరిగిందనీ, దరఖాస్తుదారుది గానీ ఆమె వకీలుది గానీ ఏ లోపమూ లేదనీ అందులో ఉంది. నకలు రిజిస్ట్రారు గారికి కూడా ఇచ్చాను. విచారణ జరుగుతుంది. ఈ ఏడాది పదోన్నతి జాబితాలో నా పేరు మొదటిది, ఇక ఉండదు. ఇది నీ జాలి కోసం చెప్పడం లేదు. దీనిని క్షమాపణగా కూడా చదవవద్దు. జరిగినది జరిగినట్టు రాశాను.

అన్న


అక్టోబరు 6

అన్నయ్యా,

నీ అఫిడవిట్టు చేరింది. మా వకీలు చదివి, "ఇంత శుభ్రంగా తన మెడకు తానే ఉరి బిగించుకున్నవాణ్ణి నా జన్మలో చూడలేదమ్మా" అన్నాడు. నేను నవ్వలేదు. ఏడవనూ లేదు.

జూన్ పదో తేదీ ఉత్తరం తీసి మళ్లీ చదివాను. "రాసినది చేరవలసిన చోటికి చేరిందా లేదా అని చూసుకోవడం కూడా బాధ్యతలో భాగమే." నీ చేతిరాతే, ముత్యాల్లా ఉంది. నేను రాసి ఊరుకున్నానని నన్ను తీసేస్తే సబబే అన్నావు. నువ్వూ రాసి ఊరుకున్నావు. తేడా ఏమిటంటే నా గదికి తాళం ఉంది. నీ బీరువా ఆరడుగుల దూరంలో ఉంది.

కావాలని చేశావనుకున్నాను. కావాలని చేసి ఉంటే బాగుండేది అన్నయ్యా. పగ అంటే మనిషి మీద ఏదో ఒకటి ఉన్నట్టు లెక్క. నువ్వు నన్ను తప్పించుకోవడానికి చేశావు.

పోతే, నీ అఫిడవిట్టు పరిశీలించాను. లోపాల పట్టిక:

ఒకటి. రెండో పేరాలో "దరఖాస్తుదారు నాకు బంధువు" అని ఉంది. ఏ బంధువో తెలియడం లేదు. సరిచేసి గడువులోగా తిరిగి దాఖలు చేయగలరు. పదకొండో తేదీ చివరిరోజు. నోటీసు ఆలస్యంగా అందిందని మళ్లీ చెప్పొద్దు. దీన్ని ఈరోజే పోస్టు చేస్తున్నాను.


అక్టోబరు 8

చెల్లెమ్మకు,

లోపం సరిచేశాను. సవరించిన పేజీకి మళ్లీ నోటరీ ముద్ర వేయించి జతచేస్తున్నాను. "దరఖాస్తుదారుకు నేను తోడబుట్టిన అన్నను. ఆమె ఆసుపత్రి బట్టలు ఉతికే విభాగంలో ఇరవై రెండు సంవత్సరాలు పనిచేసినది" అని రాశాను. రెండో వాక్యం చట్టప్రకారం అవసరం లేదు. ఉండనీ.

మొదట అలా రాయకపోవడానికి కారణం సిగ్గు కాదని జవాబు రాయబోయాను. సగం రాశాక, అవునేమోనని అనుమానం వచ్చింది. తేల్చుకునే వ్యవధి లేదు. నాలుగు గంటలకు పోస్టు సంచీ కట్టేస్తారు.

అన్న


నవంబరు 22

అన్నయ్యా,

నీకు ముందే తెలిసి ఉంటుంది, అయినా నేనే రాస్తాను. "జాప్యం మన్నించడమైనది. విచారణకు స్వీకరించడమైనది." మళ్లీ ఒకే ఒక్క వరుస. మీవాళ్లకు సిరా కరువా? డిసెంబరు పదహారున వింటారు. గెలుస్తానని మా వకీలు కూడా అనడం లేదు. వింటారు, అంతవరకే.

ఇస్త్రీ అక్క దగ్గరికి వెళ్లి ఆ ఒక్క వరుసా చదివి వినిపించాను. మళ్లీ చదవమంది. ఆ తర్వాత, "నేనూ వస్తాను" అంది. నన్ను నమ్మి కాదు. "నా చేతుల మాట ఎవరైనా మాట్లాడతారేమో చూస్తాను" అంది. టిక్కెట్టు నేనే తీశాను. చేతులు పూర్తిగా వంగడం లేదు, పెట్టె నేనే మోస్తాను.

నిన్ను పరిశీలన విభాగం నుంచి తీసేసి గేటు దగ్గర పాసులు రాసే కిటికీలో కూర్చోబెట్టారని వదిన ఫోను చేసి చెప్పింది. తెల్లచొక్కాయే వేసుకుని వెళ్తున్నావట, గంజి పెట్టి మరీ. ఎవరు పెడుతున్నారో నేను అడగలేదు. నీ మీద కోపం పోలేదు. పోతుందని మాట ఇవ్వను. మీ ఇంటికి రాను, భోజనానికి పిలవొద్దు.

కానీ లోపలికి పోవాలంటే నీ కిటికీ దాటాలి కదా. పదహారో తేదీ పొద్దున్నే వస్తాం, ఇద్దరం. రెండు పాసులు రాయి. నన్ను చూసి లేచి నిలబడొద్దు, కిటికీ చిన్నదట, తల తగులుతుంది. ఇన్నాళ్లూ నాతో చెప్పాల్సింది ఏదైనా ఉంటే అక్కడే, వరుసలో నా వెనకున్నవాళ్లందరూ వింటుండగా, నోటితో చెప్పు.

కవరులో పెట్టి లక్క వేయకు.

చెల్లెలు